వరికపూడిశెల ఎత్తిపోతల: నీటి లెక్కను బట్టే పంటల ప్రణాళిక

నాగార్జునసాగర్ జలాశయానికి చేరువలోనే ఉన్నప్పటికీ సాగర్ నీరు అందని మెట్ట భూములు పల్నాడులో విస్తారంగా ఉన్నవి. 1967లో నీటి విడుదల జరిగిన నాటి నుండి కుడి కాలువ ఈ ప్రాంతానికి జీవనాధారమైనది. అయితే కాలువ వాలును బట్టి పారుతుంది. తన మట్టానికి దిగువనున్న పొలాలకే నీరీయగలదు. ఎగువనున్న వెల్దుర్తి పరిసర గ్రామాల రైతులు వర్షం మీద, బోరుబావుల మీద ఆధారపడవలసి వచ్చినది. భూగర్భజలాలలో ఫ్లోరైడ్ ఉండటం తాగునీటి సమస్యను మరింత పెంచినది.

ఈ లోటును తీర్చుటకై రూపొందినదే వరికపూడిశెల ఎత్తిపోతల పథకం. 2023 నవంబరు 15న మాచర్లలో దీనికి శంకుస్థాపన జరిగినది. నాటి ప్రణాళిక ప్రకారం తొలిదశలో రూ.340.26 కోట్ల వ్యయంతో, 281 క్యూసెక్కుల సామర్థ్యంతో 1.57 టీఎంసీల నీటిని ఎత్తిపోసి 24,900 ఎకరాలకు సాగునీరు, 20 వేల మందికి తాగునీరు అందించవలసి ఉన్నది. పులుల అభయారణ్యం గుండా పోవలసినందున కాలువలకు బదులు పైపులైన్లను ఎంచుకొన్నారు.

ఈ అంకెలను పంట పొలం దృష్టితో పరిశీలించవలసి ఉన్నది. 1.57 టీఎంసీలను 24,900 ఎకరాలకు పంచినచో నీటి లోతు సుమారు 44 సెం.మీ. మాత్రమే. వరికి దాదాపు 120 సెం.మీ. అవసరం. నీరంతా వరికే మళ్లించినచో తొమ్మిది వేల ఎకరాలకు మించి పారదు. మిగిలిన రైతులకు మళ్లీ ఎదురుచూపులే. అదే నీరు వర్షానికి తోడైనచో మిరప, పత్తి, కంది వంటి ఆరుతడి పంటలకు సరిపోగలదు. బోదెల ద్వారా పారించినప్పుడు జరిగే నష్టాన్ని బిందు సేద్యంతో తగ్గించుకొనవచ్చు.

రెండవ అంశం కాలం. పంపులన్నీ నిరంతరాయంగా నడిచినచో 1.57 టీఎంసీలను ఎత్తిపోయుటకు సుమారు 65 రోజులు పట్టును. వరద కాలంలోనే ఎత్తిపోతను ముగించినచో, ఆగస్టు–సెప్టెంబరులో నాటిన మిరపకు కాయ ఊరే దశలో తడి కొరవడును. కనుక పంపింగును పంట దశల ప్రకారం విభజించుట గాని, గ్రామ చెరువులను నింపి నిల్వ చేయుట గాని అవసరం.

తాగునీటి విషయం ఇందుకు భిన్నం. తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున 20 వేల మందికి ఏడాదికి కావలసినది మొత్తం నీటిలో ఒక శాతం కన్న తక్కువ. పరిమాణం స్వల్పమే గాని, అవసరం ఏడాది పొడవునా ఉండును. వేసవికి కావలసిన నిల్వను సాగునీటి వాటాతో కలపకుండా ముందుగానే వేరుచేయవలెను.

పైపులైను తూముల స్థానాలు ఖరారు కాకముందే విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామాలవారీగా నేల స్వభావం, నేల లోతు, ప్రస్తుత పంటల సరళి, బోర్ల నీటి లభ్యత నమోదు చేయవలెను. ఆ వివరాల ఆధారంగా ఒక్కొక్క తూము కింద ఏ పంట ఎన్ని ఎకరాలలో వేయవచ్చునో రైతులతో కలిసి నిర్ణయించినచో చివరి పొలానికి కూడా వాటా దక్కును. నీరు వచ్చి, ఎగువ రైతులు వరి నాటిన పిదప ఈ పని చేపట్టుట ఎంత కష్టమో పాత కాలువల చివరి భూముల రైతులకు తెలియనిది కాదు.