పేరు కొట్టేస్తే సరిపోతుందా?

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ నుంచి ఒక నర్సింగ్ విద్యార్థిని అడిగారు: "కేస్ ప్రెజెంటేషన్‌లో పేషెంటు పేరు, ఐపీ నంబరు తీసేస్తాం. మిగతావి, అంటే వయసు, బస్తీ, ఉద్యోగం, చేరిన తేదీ, అలాగే ఉంచుతాం. పేరే లేనప్పుడు ఇంక ఎవరికి తెలుస్తుంది?" నెలనెలా వచ్చే ప్రశ్నల్లో ఇంత చిన్నదిగా కనిపించి ఇంత లోతుకు తీసుకెళ్లేవి అరుదు. మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి దీని వెంటే పడ్డాను.

ముందు ప్రాథమిక విషయాలు, త్వరగా. నర్సు రాసే నోట్సులో ఏం చూశారు, ఏం చేశారు, ఎన్ని గంటలకు చేశారు, దానికి రోగి శరీరం ఎలా స్పందించింది అనే నాలుగూ ఉండాలి. కింద సంతకం. తప్పు పడితే ఒకే గీతతో కొట్టి పక్కన సరైనది రాయాలి, తెల్లరంగు పూయకూడదు. రాయనిది చేయనట్టే లెక్క. గోప్యత సంగతికొస్తే, నర్సింగ్ కాలేజీల్లో దీపం పట్టుకుని చేసే ఫ్లారెన్స్ నైటింగేల్ ప్రతిజ్ఞలోనే రోగి విషయాలు బయటపెట్టనన్న మాట ఉంది. దాన్ని నైటింగేల్ రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సింగ్ శిక్షకురాలి ఆధ్వర్యంలో తయారైంది. మన దగ్గర చట్టాలూ ఉన్నాయి. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి సమ్మతి లేకుండా అతని హెచ్ఐవీ సంగతి బయటపెట్టడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి.

ఇక అసలు విషయం. పేరు తీసేసినా మనిషి ఎలా దొరికిపోతాడో ఒక లెక్క చెబుతుంది. నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఇది.

20 వేల మంది ఉన్న ఒక ప్రాంతం అనుకుందాం. ఒక్కొక్కరినీ పుట్టిన తేదీ ప్రకారం, ఆడ మగ ప్రకారం అరల్లో సర్దుదాం. 80 ఏళ్ల వయసు వరకు తీసుకుంటే, ఏడాదికి 365 చొప్పున 29,200 తేదీలు. ఆడ, మగ వేరు చేస్తే 58,400 అరలు. జనం 20 వేలు, అరలు 58 వేల పైచిలుకు! పుట్టుకలు అన్ని తేదీల్లోనూ సమానంగా పడ్డాయనుకుంటే, వందలో సుమారు 70 మంది తమ అరలో ఒంటరిగా ఉంటారు. ఆ ప్రాంతం పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, ఈ మూడూ తెలిస్తే చాలు. పేరు రాయకపోయినా రాసినట్టే.

ఇప్పుడు పూర్తి తేదీ తీసేసి నెల, సంవత్సరం మాత్రమే ఉంచండి. అరలు 1,920కి పడిపోతాయి. అరకు సగటున 10 మంది. నెల కూడా తీసేసి సంవత్సరం ఒక్కటే ఉంచితే 160 అరలే, అరకు 125 మంది. వివరం ఒక్క మెట్టు మొరటు చేస్తే చాలు, గుంపు పదింతలకు పైగా పెరుగుతుంది. మనిషికి దాక్కునే చోటు దొరికేది ఆ గుంపులోనే.

ఈ లెక్క తెలియక దెబ్బతిన్నవారిలో ఒక గవర్నరు ఉన్నారు. 1990ల మధ్యలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా సంస్థ, ఉద్యోగుల ఆస్పత్రి రికార్డులను పేర్లూ చిరునామాలూ తీసేసి పరిశోధకులకిచ్చింది. గోప్యతకు భంగం లేదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. ఎంఐటీలో చదువుకుంటున్న లటాన్యా స్వీనీ, ఆయన ఉండే కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొన్నారు. గవర్నరు పుట్టిన తేదీ ఉన్నవాళ్లు అందులో ఆరుగురు. మగవాళ్లు ముగ్గురు. ఆయన పోస్టల్ కోడ్‌లో ఉన్నది ఒక్కరే. ఆ మూడు వివరాలతో ఆస్పత్రి రికార్డుల్లో వెతికితే ఆయనది దొరికింది. గవర్నరు రోగాల చిట్టా ఆయన ఆఫీసుకే చేరింది. ఇరవై ఏళ్లు గడిచాక ఆస్ట్రేలియా అదే పొరపాటు చేసింది. 2016లో 29 లక్షల మంది వైద్య బిల్లుల వివరాలను పేర్లు లేకుండా బయటపెట్టింది. కాన్పులు ఏయే సంవత్సరాల్లో జరిగాయి, ఆపరేషన్ ఎప్పుడైంది లాంటి నలుగురికీ తెలిసిన సంగతులతోనే మనుషుల్ని గుర్తుపట్టవచ్చని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

అమెరికా వాళ్లు పాఠం నేర్చుకున్నారు. వైద్య సమాచార గోప్యత కోసం వాళ్లు పెట్టుకున్న హిపా నిబంధనలో ఒక పద్ధతి ప్రకారం 18 రకాల వివరాలు తీసేయాలి. తేదీల్లో సంవత్సరం మాత్రమే మిగలాలి. పోస్టల్ కోడ్ మొదటి మూడు అంకెలు ఉంచాలన్నా ఆ ప్రాంతంలో 20 వేల మందికి మించి జనం ఉండాలి. 89 దాటిన వాళ్లందరినీ ఒకే గుంపులో వేయాలి, ఎందుకంటే 97 ఏళ్ల మనిషి ఏ ఊళ్లోనైనా తేలిగ్గా దొరికిపోతాడు.

మరి రెజిమెంటల్ బజార్ సంగతి? స్టేషన్ పక్కన పుట్టి పెరిగిన పాత కంటోన్మెంట్ బజారు అది. ఇరుకు సందులు, తరాలుగా ఎరిగిన ఇరుగుపొరుగు. "రెజిమెంటల్ బజార్, 58 ఏళ్లు, మగ, రైల్వే ఉద్యోగి, వారానికి రెండుసార్లు డయాలసిస్" అని రాస్తే ఆ సందులో వాళ్లకు ఓటర్ల జాబితాతో పనేముంది? కాబట్టి పేరు, నంబరు తీసేయడం సరిపోదు. క్లాసులో చెప్పేటప్పుడు "సికింద్రాబాద్, యాభై దాటిన మగ రోగి" అంటే చాలు. ఉద్యోగానికి రోగంతో సంబంధం ఉంటేనే చెప్పాలి.

అలాగని అసలు కేస్ షీటులోనే తక్కువ రాయాలనుకుంటే ఘోరమైన తప్పు. వివరం ఎందుకు కావాలో సికింద్రాబాద్ కంటే బాగా చెప్పగల ఊరు లేదు. 1897 ఆగస్టు 16న బేగంపేట సైనిక ఆస్పత్రిలో డాక్టర్ రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. 20వ తేదీన ఆ దోమల్లో ఒకదాన్ని కోస్తే జీర్ణాశయం గోడలో నల్లటి రేణువులున్న వింత కణాలు కనిపించాయి. 21న మరో దోమను కోశారు. అందులోనూ అవే కణాలు, కానీ పెద్దవి. రెండు దోమలూ రక్తం తాగింది ఒకే రోజున, ఒకే రోగి నుంచి అని రాసి ఉండబట్టే "పెద్దవి" అన్న మాటకు "పెరుగుతున్నాయి" అన్న అర్థం వచ్చింది. దోమలో పెరుగుతున్నది మలేరియా పరాన్నజీవి! 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఏ దోమ, ఏ రోగి, ఏ తేదీ అన్న మూడు ముక్కలు లేకపోతే అవి రెండు దోమల్లో రెండు మచ్చలు, అంతే.

ఇక్కడే చిక్కంతా ఉంది. రికార్డుకు విలువ తెచ్చే తేదీ, సమయం, మనిషి, ఇవే రోగిని పట్టించే గుర్తులు కూడా. హుసేన్ ఖాన్ పేరు నేటికీ పుస్తకాల్లో ఉంది. అలా ఉండవచ్చా అని ఆయన్ను ఎవరైనా అడిగినట్టు నేనెక్కడా చదవలేదు.

దీనికి ఒక అద్భుతమైన ఉపాయం ఉంది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రి ఐసీయూ రికార్డులతో తయారైన మిమిక్ అనే డేటాలో నర్సులు రాసిన నోట్సు కూడా ఉన్నాయి. ప్రపంచమంతటా పరిశోధకులు వాడుతున్నారు. అందులో ఒక్కో రోగి తేదీలన్నిటినీ ఒకే పొడవున ముందుకు జరిపేశారు. ఎంత జరిపారన్నది ఒక్కొక్కరికి ఒక్కో రకం. తెరిచి చూస్తే రోగులు 2100 తర్వాతి శతాబ్దంలో చేరినట్టు కనిపిస్తారు! రాస్ తేదీలకూ ఇదే చేసి చూడండి. 16 నుంచి 20కి ఉన్న నాలుగు రోజులు, 21కి ఉన్న ఐదు రోజులు చెక్కుచెదరవు. రోగిని పట్టించే తేదీ పోయింది, వైద్యానికి కావలసిన వ్యవధి నిలిచింది. జ్వరం ఎన్ని గంటలకోసారి వస్తోంది, యాంటీబయాటిక్ మొదలెట్టిన ఎన్నో రోజుకు తగ్గింది, అన్నీ అలాగే ఉంటాయి. నర్సింగ్ విద్యార్థులు దీన్ని రేపటి నుంచే వాడుకోవచ్చు. ప్రెజెంటేషన్‌లో తేదీలు మానేసి "చేరిన మొదటి రోజు", "మూడో రోజు ఉదయం ఆరింటికి" అని రాస్తే పని అయిపోతుంది. ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

అయితే కేస్ షీటు పూర్తిగా ఉండాలంటే దాన్ని ఎవరు చూస్తున్నారన్న దాని మీద గట్టి పట్టు ఉండాలి. వార్డుల్లో నాకు కోపం తెప్పించేది ఇదే. కేస్ షీటు బెడ్డు కాళ్ల దగ్గర వేలాడుతుంటే పక్క రోగిని చూడ్డానికి వచ్చిన వాళ్లు కూడా తిరగేస్తారు. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ పక్క మంచానికి వినబడేంత గొంతుతో సాగుతుంది. డాక్టరుకు చూపించాలని ఫోన్లో తీసిన చార్టు ఫొటో, పేరుతో సహా, ముప్పై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పడుతుంది.

కంప్యూటర్ వచ్చిన చోట ఇంకో జబ్బు. ఒక వార్డుకు ఒకే లాగిన్, మానిటర్ అంచున అంటించిన పాస్‌వర్డ్. మూడు షిఫ్టుల్లో ఇచ్చిన ఇంజెక్షన్లన్నీ ఒకే నర్సు ఇచ్చినట్టు నమోదవుతాయి. ఎవరు ఏ రికార్డు తెరిచారో ఎప్పటికీ తేలదు. గోప్యతా పోయింది, రికార్డులో నిజమూ పోయింది. దీన్ని నర్సుల నిర్లక్ష్యం అనడం అన్యాయం. ఇరవై మంది రోగులను చూసే సిస్టర్ ప్రతిసారీ రెండు నిమిషాలు లాగిన్ కోసం నిలబడలేరు. కార్డు తాకిస్తే తెరుచుకుని, పక్కకు వెళ్తే మూసుకునే ఏర్పాట్లు వచ్చి చాలా ఏళ్లయింది. ఆస్పత్రి యాజమాన్యాలు గోప్యత గురించి గోడ మీద బోర్డు పెట్టే ముందు ఆ కార్డులు కొనాలి.