హెర్పిస్ రక్తపరీక్ష - రిపోర్టు చెప్పేదెంత, చెప్పనిదెంత?



గర్భిణీల ఓ.పి. రోజున ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. వయసు ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటుంది. రెండుసార్లు గర్భం పోయింది, ఇప్పుడు మూడో నెల. బయట ల్యాబులో చేయించిన 'టార్చ్' పరీక్ష రిపోర్టును నాలుగు మడతలు పెట్టి చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. అందులో "హెచ్.ఎస్.వి. 1+2 ఐ.జి.ఎమ్. పాజిటివ్" అని ఉంది. అది సుఖవ్యాధి అని ఎవరో చెప్పారట. అంతే, అత్తగారు ఆమెను వంటింట్లోకి రానివ్వడం మానేసింది. భర్త మాట్లాడటం మానేశాడు. "సిస్టరమ్మగారూ, నేను ఏ తప్పూ చేయలేదండీ" అంటూ కౌంటరు దగ్గరే ఏడ్చేసింది. (ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాము.)

ఆమెను లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ముందుగా ఒక్క మాట చెప్పాము. "ఈ కాగితంలో నీ తప్పు గురించి ఏమీ రాసి లేదు తల్లీ."

ఈ మాట ఎందుకు చెప్పామో వివరంగా రాయవలసిన అవసరం ఉందనిపించింది. ఇలాంటి రిపోర్టులతో వచ్చేవారిని చాలామందిని చూశాము.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. మొదటి రకం ఎక్కువగా నోటి దగ్గర వస్తుంది. జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున గుంపుగా నీటి పొక్కులు లేస్తాయి చూడండి, అదే. ఏదో పురుగు పాకిందని మనవాళ్ళు అనుకుంటారు. ఇది చాలామందికి చిన్నతనంలోనే పెద్దవాళ్ళ ముద్దుల ద్వారా అంటుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ళ లోపువారిలో నూటికి 64 మందిలో ఈ రకం ఉంది. రెండో రకం జననేంద్రియాల దగ్గర వస్తుంది, లైంగిక సంపర్కం వల్ల సోకుతుంది. అయితే మొదటి రకం కూడా అక్కడికి చేరవచ్చు. ఒకసారి ప్రవేశించిన వైరస్ నరాల మూలాల్లో దాక్కుని జీవితాంతం ఉంటుంది. కొందరికి ఒక్క పొక్కు కూడా లేవదు. (సర్పి అని మనం పిలిచేది వేరు. అది ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుంది.)

ఇక రక్తపరీక్ష సంగతి. ఇక్కడ వెతికేది వైరస్‌ను కాదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి మన శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతారు. దొంగను పట్టుకోవడం కాదు, దొంగ వచ్చాడని ఇంటివాళ్ళు వేసుకున్న కొత్త తాళాన్ని చూడటం లాంటిది. తాళం వేయడానికి సమయం పడుతుంది కదా! ఐ.జి.జి. అనే యాంటీబాడీలు సుమారు సగం మందిలో మూడు వారాలకు కనిపిస్తాయి. చాలామందిలో 12 వారాలకు కనిపిస్తాయి. కొందరిలో ఇంకా ఆలస్యమవుతుంది. పొక్కులు మాత్రం వైరస్ సోకిన 2 నుండి 12 రోజుల్లోనే రావచ్చు. అంటే పొక్కులు లేచిన వారంలో రక్తం తీస్తే, జబ్బు ఉన్నా రిపోర్టు 'నెగటివ్' రావచ్చు.

దీనిని మేము కష్టపడి నేర్చుకున్నాము. చాలా ఏళ్ళ క్రితం ఒక యువకుడు ఆరు రోజుల పుండ్లతో వచ్చాడు. భార్యకు అయిదో నెల. రక్తం తీశాము, నెగటివ్ వచ్చింది. "భయం లేదు బాబూ" అని ఆ రిపోర్టు అతని చేతిలో పెట్టింది మేమే. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మని చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. తొమ్మిదో నెలలో అతని భార్య కొత్త పుండ్లతో, జ్వరంతో వచ్చింది. డాక్టరుగారు వెంటనే ఎసైక్లోవిర్ మొదలుపెట్టి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. దేవుని కృప వలన బిడ్డకు ఏమీ కాలేదు. కాని ఆ బిడ్డ వార్డులో ఉన్నన్నాళ్ళూ, ప్రతి పూటా టెంపరేచర్ చూసేటప్పుడు మా చేతులు వణికేవి.

ఎందుకంత భయమంటే, కాన్పుకు కొద్ది వారాల ముందు తల్లికి మొదటిసారి ఈ జబ్బు సోకితే, కాన్పు సమయంలో బిడ్డకు అంటే ప్రమాదం నూటికి 30 నుండి 50 వరకు ఉంటుంది. తల్లి యాంటీబాడీలు తయారై బిడ్డకు చేరే వ్యవధి ఉండదు. అదే తల్లికి పాత జబ్బు అయితే ఆ ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ. పాత యాంటీబాడీలు బిడ్డకు కాపలా కాస్తాయన్నమాట. కాబట్టి గర్భిణీ విషయంలో 'కొత్తదా, పాతదా' అన్నది పెద్ద ప్రశ్న.

కొత్తదో కాదో ఐ.జి.ఎమ్. చెబుతుందని చాలామంది నమ్ముతారు. పుస్తకంలో ముందు ఐ.జి.ఎమ్., తర్వాత ఐ.జి.జి. అని మేమూ చదువుకున్నాము. హెర్పిస్ విషయంలో ఈ లెక్క కుదరదు. పాత జబ్బు తిరగబెట్టినప్పుడు కూడా ఐ.జి.ఎమ్. పాజిటివ్ రావచ్చు. అది రెండు రకాల మధ్య తేడా చెప్పలేదు. ఒక్కోసారి వేరే వైరస్‌ల వల్ల కూడా తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అందుకే అమెరికాలోని సి.డి.సి. సంస్థ 2021 మార్గదర్శకాల్లో హెర్పిస్‌కు ఐ.జి.ఎమ్. పరీక్ష వద్దని చెప్పింది. అయినా 'టార్చ్' ప్యాకేజీలో అది ఇప్పటికీ వస్తూనే ఉంది. గర్భం పోయిన ప్రతి స్త్రీకీ ఈ ప్యాకేజీ రాయడం మాకైతే నచ్చదు. డబ్బుకు డబ్బు, మనశ్శాంతికి మనశ్శాంతి పోతున్నాయి.

ఐ.జి.జి.లో రకాన్ని విడదీసి చెప్పే పరీక్ష ఉంది. వైరస్ మీద ఉండే గ్లైకోప్రోటీన్ జి అనే పదార్థం ఆధారంగా దానిని చేస్తారు. అందులోనూ 'ఇండెక్స్' అంకెను చూడాలి. చాలా కిట్లలో 1.1 దాటితే పాజిటివ్ అంటారు. రెండో రకానికి ఆ అంకె 3 లోపు ఉంటే అది నిజం కాని పాజిటివ్ కావచ్చు, మరో పద్ధతిలో సరిచూడాలి. జబ్బు లక్షణాలేవీ లేనివారికి ఊరికే ఈ పరీక్ష చేయవద్దని అమెరికా నిపుణుల బృందం 2016లో చెప్పి, 2023లో మళ్ళీ అదే మాట చెప్పింది.

మరి రక్తపరీక్ష దేనికి పనికివస్తుంది? మొదటిసారి పుండు వచ్చిన వారంలో ఒకసారి, 12 వారాల తర్వాత మరోసారి తీస్తే ఉపయోగం ఉంది. మొదటిది నెగటివ్, రెండోది పాజిటివ్ అయితే జబ్బు కొత్తగా సోకిందని అర్థం. పుండు లేచిన మొదటి రోజుల్లోనే ఆ రకం ఐ.జి.జి. గట్టిగా పాజిటివ్ ఉంటే, ఆ వైరస్ ఒంట్లో ముందునుంచీ ఉందన్నమాట. అది ఎన్నేళ్ళ నుంచో, ఎవరి నుంచో ఏ ల్యాబూ చెప్పలేదు. పెళ్ళికి ముందుదో, చిన్ననాటిదో కావచ్చు.

ఈ మాటలే ఆ అమ్మాయి భర్తను పిలిపించి చెప్పాము. మొదట నిలబడే విన్నాడు, తర్వాత కూర్చున్నాడు. "అయితే ఇది నావల్ల కూడా అయి ఉండొచ్చా సిస్టర్?" అని అడిగాడు. "అసలు జబ్బే లేకపోవచ్చు బాబూ" అన్నాము. డాక్టరమ్మగారు ఆమెను పరీక్ష చేశారు. పుండ్లు లేవు, ఎప్పుడూ వచ్చినట్టు ఆమెకు గుర్తు కూడా లేదు. రకం చెప్పే ఐ.జి.జి. చేయిస్తే మొదటి రకం మాత్రమే పాజిటివ్ వచ్చింది. తనకు చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా మూతి దగ్గర పొక్కులు లేచేవని అత్తగారే చెప్పిందట, తర్వాతి నెల చెకప్‌కు తోడు వచ్చినప్పుడు.

పుండు తాజాగా ఉన్నప్పుడే ఆసుపత్రికి రండి. పొక్కులోని నీటిని దూదిపుల్లతో తీసి పి.సి.ఆర్. పరీక్షకు పంపితే వైరస్సే దొరుకుతుంది. తొలి రోజుల్లో రక్తం కంటే అదే నమ్మదగినది. పొక్కు ఎండి పక్కు కడితే దొరకకపోవచ్చు. వచ్చే ముందు దానిమీద పసుపు, ఆయింట్‌మెంట్ రాయకండి. పుండు ఏ రోజున లేచిందో గుర్తుపెట్టుకుని చెప్పండి, మేము ఓ.పి. చీటీ మీద ఆ తేదీని ముందు రాస్తాము. పెదవి మీద పొక్కు ఉన్నవారెవరైనా, తాతయ్య అయినా అమ్మమ్మ అయినా, పసిబిడ్డను ముద్దుపెట్టుకోవద్దు. నెల లోపు బిడ్డ పాలు తాగకపోయినా, జ్వరం వచ్చినా, ఫిట్స్ వచ్చినా, ఒంటిమీద నీటి పొక్కులు కనిపించినా రాత్రి పగలు చూడకుండా తీసుకురండి.