సువర్ణముఖరి - స్వర్ణముఖి

పాకాల ప్రాంతపు కొండలలో పుట్టి, చంద్రగిరి, తిరుపతి పొలిమేరలను, శ్రీకాళహస్తిని, నాయుడుపేటను దాటి తూర్పు సముద్రమున కలియు ఏటిని జనులు స్వర్ణముఖి యందురు. దీని నిడివి సుమారు 130 కిలోమీటర్లు. స్కాందపురాణమునందలి వేంకటాచల మాహాత్మ్యమున దీని పేరు సువర్ణముఖరి. ఆ రేఫము లేఖక ప్రమాదమని తోచవచ్చును గాని, శబ్దశాస్త్రము అందులకు సమ్మతింపదు.

స్వర్ణముఖి యనగా బంగారు మోము కలది. స్వాంగవాచియైన ముఖశబ్దము బహువ్రీహి తుద నున్నపుడు ఙీష్ వికల్పముగా వచ్చును: చంద్రముఖీ, చంద్రముఖా. అది సంజ్ఞయైనచో పాణిని 4-1-58 సూత్రముచే ఙీష్‌ను నిషేధించెను; గౌరముఖా అను నామమే యుదాహరణము. నదిని దేవతగా భావింపనిచో స్వాంగత్వమే సిద్ధింపదు. కావున నదీనామముగా స్వర్ణముఖీ రూపము సంస్కృతమున సాధువు కానేరదు. ముఖరశబ్దమున కట్టి చిక్కు లేదు. 5-2-107 సూత్రముపై వార్తికము ముఖశబ్దమునకు రప్రత్యయమును విధించుచున్నది. శబ్దించునది యని యర్థము. ఈకారమును గౌరాది ఆకృతిగణమున సాధింపవచ్చును. సువర్ణమనగా మంచి వర్ణములనియు చెప్పవచ్చును గాని, అది చమత్కారమే, పట్టుపట్టదగినది కాదు. తెలుగున పాతుకొన్న స్వర్ణముఖిని తుడిచివేయ బనియు లేదు.

ఏడాదిలో హెచ్చుభాగము ఇసుకపఱ్ఱగా నుండు నదికి ముఖరత్వ మెక్కడిదను ప్రశ్న కలుగును. దీనికి నీరు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల వలన, అనగా అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు, లభించును. కొండలకు కడలికి నడుమ దూరము స్వల్ప మగుటచే వఱద తటాలున వచ్చి తటాలున తీయును. 2021 నవంబరు వఱదలలో తిరుపతి పరిసరవాసులు ఆ ఘోష వినిరి. అగస్త్యేశ్వరాలయమున్న తొండవాడ కడ భీమా, కల్యాణీ నదులు దీనితో గూడును. అగస్త్యుడీ నదిని దెచ్చెనను పురాణగాథకు ఆ యాలయము దగినచోటనే యున్నది. కల్యాణిపై 1977లో ఆనకట్ట వెలసిన పిమ్మట ఆ నీరు తిరుపతి, తిరుమలల యవసరములకు మరలినది. శ్రీకాళహస్తి కడ ఏఱు ఉత్తరవాహినియై ఆలయమునకు పడమట పాఱును. సముద్రము తూర్పున నుండగా నిట్లు తిరుగుటచేతనే ఆ తావునకు తీర్థప్రశస్తి హెచ్చినది.

వఱద తీసిన పిదప నీరు ఇసుకలో నిలిచియుండును. చెలమ త్రవ్వినచో నూరును. గట్టున బావులకు నదియే ఊట. ఇసుకను తరలించినచో ఆ నిలువ పోవును. మఱుసటి వఱద నిలుచు తావు లేక నేరుగా కడలి చేరును.