పట్టేసిన బోల్టు, మా పాత పడవ

ఓక్‌విల్‌లో అక్టోబరు వచ్చిందంటే బ్రాంటీ హార్బర్లో పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కుతాయి. మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేరులో బతుకుతున్న నాకు చేతులకు మసి అంటుకుని ఎంత కాలమైందో! ఆ లోటు తీర్చుకుందామని ఒక మిత్రుడూ నేనూ కలిసి పాత మోటారు బోటు కొన్నాం. దాని వెనకభాగం విప్పడానికి పడ్డ పాట్లే ఈ వ్యాసం. పడవ లేనివారు పేజీ తిప్పెయ్యకండి. రోడ్లమీద ఉప్పు చల్లే ఈ దేశంలో మీ కారు నట్లు పట్టేసేదీ తుప్పు వల్లే.

మా బోటుకు ఉన్నది స్టెర్న్‌డ్రైవ్. ఇంజను పడవ లోపల ఉంటుంది. పంకాను తిప్పే గేర్ల పెట్టె వెనక, బయట వేలాడుతుంది. 1959లో వోల్వో పెంటా 'ఆక్వామాటిక్' పేరుతో ఈ పద్ధతిని బజారులోకి తెచ్చింది. లోపలి ఇంజనుకూ బయటి పెట్టెకూ మధ్య తిరిగే ఇరుసు చుట్టూ, కొలిమితిత్తిలా ముడతలు పడ్డ రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని బెల్లోస్ అంటారు. అది చిరిగితే నీళ్ళు బేరింగులోకి, ఆపైన పడవలోకి వస్తాయి. కట్టేసి ఉన్న పడవ కట్టేసినట్టే మునిగిపోవచ్చు. అందుకే డ్రైవును ఏటా విప్పి చూడాలంటారు. మాకు అమ్మినాయన ఎన్నేళ్ళుగా విప్పలేదో ఆయనకే తెలియాలి.

డ్రైవును పట్టి ఉంచేవి ఆరు నట్లు. అయిదు వచ్చాయి. ఆరోదానికి స్పానరు చివర పైపు తగిలించి బలమంతా పెట్టాను. టప్పుమంది. నట్టు వదిలిందనుకుని సంబరపడ్డాను. చేతికొచ్చింది విరిగిన బోల్టు ముక్క!

"డబ్బిచ్చి పనివాణ్ణి పిలిస్తే పోయేది కదండీ," అంది మా ఆవిడ. నిజమే గానీ, ఇంజనీరునన్న పౌరుషం ఒకటుంది కదా.

అసలు అక్కడ జరిగింది బిగింపు కాదు. ఉక్కు బోల్టూ అల్యూమినియం పెట్టే తడిలో ఒకదాన్నొకటి తాకితే చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో తనను తాను తినేసుకునేది అల్యూమినియం. దాన్నుంచి పుట్టే తెల్లటి పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. ఇరుకు సందులో అది ఉబ్బి, మేకులా బిగుసుకుంటుంది. దాని మీద బలం చూపిస్తే విరిగేది బోల్టే.

అల్యూమినియం పెట్టె బదులు తినబడడానికే డ్రైవుకు ఒక లోహపు ముక్క బిగిస్తారు. మాది ఏమాత్రం అరగలేదని మురిసిపోయాను. తీరా చూస్తే అది జింకు! ఉప్పునీటికి జింకు సరే, మన సరస్సులాంటి మంచినీటిలో దాని మీద పొర కట్టి పని మానేస్తుంది. ఇక్కడ మెగ్నీషియం వాడాలి. అరగకపోవడమే దాని జబ్బు.

మా ఊళ్ళో కమ్మరి బండిచక్రానికి ఇనప పట్టా ఎక్కించే ముందు దాన్ని ఎర్రగా కాల్చడం గుర్తొచ్చింది. నూరు డిగ్రీల వేడికి మీటరు అల్యూమినియం 2.3 మిల్లీమీటర్లు సాగితే, ఉక్కు 1.2 సాగుతుంది. కనక వేడి చెయ్యాల్సింది బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న పెట్టెను. 11 మిల్లీమీటర్ల రంధ్రంలో ఆ తేడా 0.012 మిల్లీమీటర్లే. వెంట్రుకలో చిన్న పాలు, అయినా ఆ పొడి పట్టు వదలడానికి చాలు. మంట మాత్రం వద్దు: పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. పైగా పక్కనే రబ్బరు. హీట్‌గన్ చాలు.

వేడి, చల్లారాక సందుల్లోకి పాకే నూనె, చిన్న సుత్తితో మెత్తటి దెబ్బలు. మళ్ళీ మొదటికి. రెండు శనివారాలు ఇదే పని. డ్రైవు నలభై కిలోల పైమాటే కాబట్టి, మిగతా నట్లను రెండు మరలు ఎక్కించి ఉంచి, ఇద్దరం అటూ ఇటూ ఊపాం. మూడో శనివారం కిర్రుమంటూ వెనక్కి జరిగింది. మిగిలిన బోల్టు మొండెం, పట్టకారుతో కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ తిప్పగా వచ్చేసింది.

అప్పుడు చూశాం లోపలికి. బేరింగు ఎర్రమట్టి ముద్దలా ఉంది. బెల్లోస్ అడుగున చిటికెన వేలు పట్టేంత చిరుగు. ఆ వేసవంతా పిల్లల్ని అందులోనే తిప్పాం.

కొత్త బెల్లోస్, కొత్త బేరింగు, మెగ్నీషియం ముక్కలు వేశాం. బోల్టులకు నీటికి కరగని మెరైన్ గ్రీజు పూశాం. మే నెలలో పడవ నీళ్ళలోకి దిగగానే మా ఆవిడ ముందుగా అడిగింది టార్చిలైటు, అడుగున తడి ఉందేమో చూడ్డానికి.