ఫోర్ వీల్ డ్రైవ్: దాని ప్రయోజనం, దాని హద్దులు

మంచు కురిసే రాష్ట్రాలలో స్థిరపడిన మనవారిలో పికప్ ట్రక్కు నడిపేవారు లేకపోలేదు. అందులో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని గుర్తులున్న ఒక మీటనో, గుండ్రని స్విచ్చినో చూసి, రెండుకంటె నాలుగు మేలు కదా అని చలికాలమంతా 4హెచ్‌లోనే ఉంచేవారు కొందరు; జంకి దానిని ఎన్నడూ తాకనివారు మరికొందరు. రెండు పద్ధతులూ సరియైనవి కావు. ఆ మీట లోపల ఏమి చేస్తున్నదో గ్రహిస్తే, దాని వాడకం తెలియడం కష్టం కాదు.

మలుపు తిరిగేటప్పుడు వాహనపు చక్రాలన్నీ ఒకే దూరం నడవవు. కళ్ళంలో పశువులను బంతి కట్టి తిప్పడం చూసినవారికి ఇది కొత్త కాదు. గుంజ దగ్గరి ఎద్దు ఉన్నచోటనే అడుగులు వేస్తుంటే, చివరి ఎద్దు పరుగెత్తవలసివస్తుంది. ఒకే ఇరుసు మీది కుడి, ఎడమ చక్రాల నడుమ ఈ తేడాను సర్దేది డిఫరెన్షియల్. అయితే ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు నడుమ కూడ తేడా ఉన్నది. రెండు ఇరుసుల మధ్య 12 అడుగుల దూరమున్న ట్రక్కు, ముందు ఇరుసు 24 అడుగుల వ్యాసార్థంతో లంబకోణపు మలుపు తిరిగిందనుకోండి. పైథాగరస్ సూత్రం ప్రకారం వెనుక ఇరుసు వ్యాసార్థం సుమారు 21 అడుగులే. ముందు ఇరుసు ఇంచుమించు 38 అడుగులు నడిచేసరికి వెనుకది 33 అడుగులు మాత్రమే నడుస్తుంది.

2హెచ్‌లో ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ముందువి స్వేచ్ఛగా దొర్లుతాయి. 4హెచ్‌లో పెట్టగానే ట్రాన్స్‌ఫర్ కేస్ అనే పెట్టె ముందు, వెనుక షాఫ్టులను ఒకటిగా బిగిస్తుంది. అవి సమాన వేగంతో తిరిగి తీరాలి. మరి ఆ అయిదడుగుల తేడా ఏమైనట్లు? మంచు, బురద, ఇసుక అయితే టైర్లు కాస్త జారి ఆ తేడాను తీర్చుకుంటాయి. పొడి తారు రోడ్డు మీద జారలేవు గనుక షాఫ్టులు, పళ్ళచక్రాలు మెలితిరిగే ఒత్తిడిని భరించవలసివస్తుంది. ట్రక్కు బ్రేకు పట్టినట్లు బిగుసుకుంటుంది. మీట 2హెచ్‌కు రానని మొరాయిస్తుంది. అప్పుడు బలప్రయోగం చేయక, కొన్ని గజాలు తిన్నగా వెనుకకు నడిపితే పట్టు సడలుతుంది. కొన్ని ట్రక్కులలో ఉండే "ఆటో" అమరిక వేరు. అందులో క్లచ్ ఈ తేడాకు చోటిస్తుంది గనుక పొడి రోడ్డు మీద కూడ వాడవచ్చు.

4ఎల్ బలానికే గాని వేగానికి కాదు. నిటారు కొండబాట, లోతైన బురద వంటి చోట్ల ఎద్దుబండి నడకతో సాగడానికి అది ఉపకరిస్తుంది. దానిలోకి మార్చేముందు వాహనాన్ని దాదాపు ఆపి న్యూట్రల్‌లో పెట్టాలి. 4హెచ్‌లోకి సాధారణంగా నడుస్తుండగానే మార్చవచ్చు. ఎంత వేగం వరకన్నది ట్రక్కుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనుక చక్రాలు గిర్రున తిరుగుతుండగా మాత్రం మార్చరాదు. చిక్కుకోబోయే ముందే మార్చడం మేలు.

ఇక ప్రాణాలకు సంబంధించిన మాట. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాన్ని కదిలించడానికి తోడ్పడుతుంది, ఆపడానికి కాదు. మామూలు కారుకు కూడ బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉన్నాయి. గడ్డకట్టిన రోడ్డు మీద ఆగడానికి పట్టే దూరం 4హెచ్‌లో పెట్టినంత మాత్రాన తగ్గదు. పైగా ఒక చిక్కున్నది. 2హెచ్‌లో బయలుదేరేటప్పుడు వెనుక చక్రాలు జారి, దారి నున్నగా ఉన్నదని ముందే చెబుతాయి. 4హెచ్‌లో ఆ హెచ్చరిక సరిగా అందదు; ట్రక్కు హాయిగా వేగం పుంజుకుంటుంది, సంగతి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే. తుఫాను మర్నాడు రోడ్డు పక్క గోతిలో ఇటువంటి ట్రక్కులు కూడ కనబడడానికి ఇదొక కారణం. ఆగడానికి నిజంగా పనికివచ్చేవి మంచు టైర్లు, ముందు వాహనానికి దూరంగా నడపడమూను. ఖాళీ పికప్ వెనుక భాగం తేలిక గనుక వెనుక ఇరుసు పైన కొన్ని ఇసుక బస్తాలు కదలకుండా కట్టి ఉంచితే ఆ చక్రాలకు పట్టు పెరుగుతుంది.

నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఒకే మాదిరి అరిగినవి అయివుండాలి; లేనిచో తిన్నని దారిలో కూడ షాఫ్టుల మీద ఒత్తిడి తప్పదు. వేసవిలో సైతం నెలకొకసారి, వానకు తడిసిన రోడ్డు మీద లేదా మట్టిబాట మీద, కొద్ది మైళ్ళు 4హెచ్‌లో నడిపితే లోపలి భాగాలకు నూనె అంది, బిగుసుకుపోకుండా ఉంటాయి.