తలకాయలో ఉత్తరం ఎటు?

మా పెద్దనాయన ఇల్లందు బొగ్గు బాయిల్లో సర్వే చైన్‌మన్‌గా పనిచేశాడు. సర్వేయరు ముందు నడుస్తుంటే వెనక గొలుసూ టేపూ థియోడొలైట్ పెట్టే మోసిన మనిషి. రిటైరై చాలా ఏళ్లయింది. పోయిన వానాకాలంలో తల తిప్పుతోందంటే ఖమ్మం తీసుకెళ్లి ఎమ్మారై తీయించాం. భయపడాల్సిందేమీ లేదు, వయసుకు తగ్గట్టు మెదడు కాస్త కుంచించుకుపోయిందంతే అని చెప్పి డాక్టరు పంపించేశాడు. ఇంటికొచ్చాక పెద్దనాయన ఆ నల్ల ఫిల్మును కవర్లోంచి తీసి, కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. వరసగా పేర్చిన చిన్నచిన్న బొమ్మలు, ఒక్కొక్కటీ అడ్డంగా కోసిన క్యాబేజీలా.

“ఇందులో ఉత్తరం ఎటున్నదిరా?” అన్నాడు.

నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అందులో నవ్వడానికేమీ కనపడలేదు. బాణం గుర్తు లేని ప్లానును సర్వే ఆఫీసులో ఎవరూ ముట్టుకోరు. ఎంత దూరం తవ్వారో తెలిసి ఎటు తవ్వారో తెలియకపోతే, పక్కనున్న పాత బాయిలో నిలిచిన నీళ్లు వచ్చి మీద పడతాయి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు పక్కన బొగ్గు జాడ పట్టినప్పటి నుంచీ ఈ బొగ్గుట్ట కింద ఏముందో కాగితం మీద గీసుకుంటూనే బతికింది ఈ ఊరు. మెదడు బొమ్మలు చదివే శాస్త్రం కూడా మా పెద్దనాయన అడిగిన ప్రశ్న దగ్గరే ఏళ్ల తరబడి తికమకపడింది.

ఫిల్ము అంచున సన్నగా ఆర్ అనే అక్షరం ఒకటుంటుంది. అది ఉండేది మనకు ఎడమ పక్కన. అంటే రోగి కుడి చెవి మన ఎడమచేతి వైపన్నమాట. వెల్లకిలా పడుకున్న మనిషిని కాళ్ల దగ్గర నిలబడి చూస్తున్నట్టు బొమ్మ పెట్టడం రేడియాలజిస్టుల ఆనవాయితీ. మెదడు పరిశోధకుల్లో చాలామంది కుడిని కుడివైపే పెట్టుకుంటారు. ఇద్దరూ ఎవరి గదిలో వాళ్లుంటే గొడవ లేదు. గొడవంతా ఫైళ్లు చేతులు మారినప్పుడే వచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో పుట్టిన అనలైజ్ అనే ఫైలు పద్ధతి 1990లలో పరిశోధకులందరి వాడుకలో ఉండేది. ఆ ఫైలు తలకట్టు 348 బైట్లు. బొమ్మలో ఎన్ని గడులున్నాయో, గడి కొలత ఎంతో అందులో రాసి ఉంటుంది గానీ ఏ వైపు కుడో గట్టిగా చెప్పే ఏర్పాటు లేదు. ఒక సాఫ్ట్‌వేర్ ఒకలా అనుకునేది, ఇంకొకటి ఇంకోలా. మెదడు రెండు సగాలూ అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి కాబట్టి తారుమారైనా కంటికి దొరకదు.

దానికి పరిశోధకులు పట్టిన చిట్కా నాకు భలే నచ్చింది. స్కానరులోకి పంపేముందు మనిషి కణతకు ఒక వైపు విటమిన్ ఇ గుళిక ఒకటి ప్లాస్టరుతో అంటిస్తారు. అందులోని నూనె ఎమ్మారైలో తెల్లటి చుక్కలా మెరుస్తుంది. గుళిక కుడి కణతకు పెట్టారని గుర్తుంటే చాలు, చుక్క ఉన్నవైపు కుడి. కోట్లు పోసి కొన్న యంత్రానికి మందుల షాపు గుళిక దిక్సూచి అయింది! 2000 దాటాక తొలి ఏళ్లలో సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లంతా కలిసి కూర్చుని, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆసరాతో నిఫ్టీ అనే కొత్త ఫైలు పద్ధతిని ఖాయం చేశారు. మన షేర్ల నిఫ్టీకీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. ఫైలు తన దిక్కును తానే వెంట మోసుకెళ్లే ఏర్పాటు ఇందులో ఉంది.

దిక్కు తేలింది సరే, కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? సర్వేలో అయితే బెంచ్‌మార్కు రాయి ఉంటుంది. మెదడుకు ఆ రాయి పాతినవాడు జాన్ తలైరాక్ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు. మెదడు రెండు సగాలనూ కలుపుతూ లోతున సన్నటి నరాల కట్ట ఒకటుంది. ఎవరి తలలోనైనా ఇంచుమించు ఒకేచోట, ఒకే తీరున కనిపిస్తుంది. అదే సున్నా అన్నాడు. అక్కణ్నుంచి ఇన్ని మిల్లీమీటర్లు పక్కకు, ఇన్ని ముందుకు, ఇన్ని పైకి అని మూడంకెలు చెబితే మెదడులో ఏ చోటైనా దొరుకుతుంది. 1988లో పియరీ తూర్నూతో కలిసి అచ్చువేసిన పటాల పుస్తకం ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో చేరింది. ఇంతకూ ఆ పటం గీసింది ఒకే ఒక్క మెదడును చూసి. అరవై ఏళ్ల వయసులో చనిపోయిన ఫ్రెంచి స్త్రీది. టోక్యోలో కుర్రవాడి మెదడులో చోటు చెప్పాలన్నా, హైదరాబాదులో గృహిణి మెదడులో చోటు చెప్పాలన్నా పేరైనా తెలియని ఆ పెద్దావిడ తలలోని అడ్రసు చెప్పాల్సి వచ్చేది.

ఒక్క మెదడుతో లాభం లేదని కెనడాలో మాంట్రియల్ నరాల సంస్థవాళ్లు 1990ల మొదట్లో 305 మందిని స్కాను చేసి సగటు మెదడును తయారుచేశారు. 239 మంది మగవాళ్లు, 66 మంది ఆడవాళ్లు, సగటు వయసు 23 దాటి కొద్ది నెలలు. తర్వాత 152 మందితో ఇంకోటి వచ్చింది. నేటికీ లోకమంతా ఎక్కువగా వాడేది ఈ మాంట్రియల్ మూసల్నే. వీటి మధ్యలో ముచ్చటైనది ఇంకొకటుంది: కోలిన్ హోమ్స్ అనే పరిశోధకుడు తననే 27 సార్లు స్కాను చేయించుకున్నాడు. ఆ బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే మచ్చలూ మసకా పోయి, అద్దంలా తేటైన మెదడు ఒకటి వచ్చింది.

ఒకరి మెదడును ఇంకొకరి పటం మీద పరిచే పని సాఫ్ట్‌వేర్‌ది. ముందు పుర్రె, చర్మం, కళ్లు ఒలిచేస్తుంది, కొబ్బరికాయ పీచు వలిచినట్టు. అప్పుడు మిగిలిన మెదడును జరుపుతుంది, తిప్పుతుంది, సాగదీస్తుంది, ఏటవాలుగా వంచుతుంది. ఒక్కోటీ మూడు దిక్కుల్లో, మొత్తం 12 అంకెలు. అంతటితో కుదరదు. ఒక్కో మడతను దాని జోడీ దగ్గరికి నెడుతూ రబ్బరు తొడుగులా సర్దాలి. రెడీమేడ్ చొక్కా కొని దర్జీ దగ్గరికి ఆల్టరేషన్‌కు తీసుకెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అంగుళం తగ్గించాలంటే నిమిషంలో అవుతుంది. నాలుగంగుళాలు తగ్గించాలంటే జేబు చంకలోకొస్తుంది. కెనడా యువకుల కొలతలకు కుట్టిన చొక్కా మన తలలకు ఎన్ని అంగుళాలు తేడా?

ఆ లెక్క తేల్చింది హైదరాబాదు గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ. జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ వైద్యుడు కేశవదాస్ వాళ్లతో కలిసి ఈ పనికి పూనుకుంది. 21 నుంచి 30 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు 100 మంది, సగం ఆడ, సగం మగ. ఒకే యంత్రం వాడితే ఆ యంత్రం వాటమే పటంలోకి దిగుతుందేమోనని మూడు వేర్వేరు స్కానర్లు వాడారు. అన్నీ 1.5 టెస్లావే, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. ఎవరో ఒకరిని మూసగా పెట్టుకుని మిగతా 99 మందినీ అందులో ఇరికించకుండా, అందరినీ అందరి వైపూ కొద్దికొద్దిగా జరుపుకుంటూ నడిమికి చేర్చారు. 2019లో బయటికొచ్చిన ఆ పటం పేరు ఐబీఏ 100. తెల్లవాళ్ల పటంతో పోలిస్తే మనది పొడవులో, వెడల్పులో, ఎత్తులో మూడింటా చిన్నది. చైనా, కొరియా పటాలతో పొడవు ఇంచుమించు సమానం, ఎత్తూ వెడల్పూ తక్కువ.

ఆ వార్త వచ్చినప్పుడు శీర్షికలు చాలావరకు మన మెదడు చిన్నదన్న మాట దగ్గరే ఆగిపోయాయి. మెదడు కొలత ఒంటి కొలతతో పాటు నడుస్తుంది, ఈ అంకెల నుంచి తెలివిని లెక్కకట్టలేం. పటం వల్ల ఒరిగేది వేరు. మతిమరుపు జబ్బు ముదిరే కొద్దీ మెదడులో కొన్ని చోట్లు మిల్లీమీటర్ల లెక్కన కుంగుతాయి. కుంగిందా, పుట్టుకతోనే అంతేనా అన్నది చెప్పాలంటే పక్కన పెట్టి చూసే తల ఇక్కడిదై ఉండాలి.

తలల పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి జాతుల్ని పోల్చే పేరుతో చరిత్రలో చాలా మురికి పని జరిగింది. కానీ ఆ కొలతల్నే నిజాయితీగా లెక్కకట్టిన తెలుగాయన ఒకరున్నారు. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హువిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, విశాఖలో లెక్కల పట్టా పుచ్చుకుని కలకత్తా చేరారు. 1946లో అక్కడి గణాంక సంస్థ పెద్ద మహలనోబిస్ ఆయన్ను కేంబ్రిడ్జి మ్యూజియానికి పంపించారు. పని ఏమిటంటే, సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వితీసిన పాత అస్థిపంజరాల కొలతల్ని తిరగేసి ఆ మనుషులు ఎవరికి దగ్గరవాళ్లో తేల్చడం. పగలు ఎముకలు, మిగతా వేళ గణాంకవేత్త ఫిషర్ దగ్గర పరిశోధన. 1948లో డాక్టరేటు చేతికొచ్చింది.

జెబెల్ మోయా తవ్వించింది మందుల వ్యాపారి హెన్రీ వెల్‌కమ్. ఆయన వదిలిపోయిన ఆస్తితో నడిచే ట్రస్టు డబ్బుతోనే లండన్‌లో మెదడు చిత్రాల కేంద్రం ఒకటి 1994లో వెలిసింది. కార్ల్ ఫ్రిస్టన్ 1991లో రాసి తోటివాళ్లకు ఉచితంగా పంచిపెట్టిన ఎస్పీఎం అనే సాఫ్ట్‌వేర్‌కు అదే పుట్టిల్లులా మారింది. దాని గుండెకాయ సరళరేఖా సమీకరణం: ఒక్కో గడిలో వచ్చిన సంకేతాన్ని, మనిషి ఆ క్షణాన చేస్తున్న పనితో జతకట్టి, మిగిలిన దాన్ని పొరపాటుగా లెక్కేయడం. ఆ లెక్క విప్పడానికి వాడే మాత్రికల విలోమాల మీద తోటి గణాంకవేత్త మిత్రాతో కలిసి రావు 1971లో రాసిన పుస్తకం ఆ రంగంలో పెద్దబాలశిక్ష. ఎముకలు, తవ్వకం, సాఫ్ట్‌వేర్ ఒకే వీధిలో ఎదురుపడటం నాకు వింతగా తోస్తుంది. 2023 ఆగస్టు 22న రావు గారు కన్నుమూశారు.

ఎస్పీఎంకు తోడుగా అమెరికాలో రాబర్ట్ కాక్స్ ఏఎఫ్ఎన్ఐ రాశాడు, 2000లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎఫ్ఎస్ఎల్ వచ్చింది. పరిశోధకులకు అన్నీ ఉచితమే. ఉచితంగా దొరికే పనిముట్టును లోపల చూడకుండా తిప్పేవాళ్లూ పెరిగారు. 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం ఒక చచ్చిన సాల్మన్ చేపను స్కానరులో పడుకోబెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పమంది. చేప మెదడులో కొన్ని గడులు వెలిగాయి! లక్ష గడుల్లో వెయ్యికొకటి పొరపాటున వెలిగినా వంద చుక్కలు ఊరికే వస్తాయి, దిద్దుబాటు లెక్క వేయాలని చెప్పడమే వాళ్ల ఉద్దేశం. 2012లో దానికి ఇగ్‌నోబెల్ ఇచ్చారు. 2016లో స్వీడన్‌కు చెందిన అండర్స్ ఎక్లుండ్ వాళ్లు నవ్వులాట లేకుండా అదే పని చేశారు. 499 మంది ఆరోగ్యవంతులు ఊరికే పడుకున్నప్పటి స్కాన్లు తీసుకుని మూడు సాఫ్ట్‌వేర్లలోనూ నడిపారు. 5 శాతం దాటకూడని దొంగ సంకేతాలు కొన్ని పద్ధతుల్లో 70 శాతం దాకా పోయాయి. ఒకదానిలో 15 ఏళ్లుగా ఎవరి కంటా పడని తప్పు కూడా బయటపడింది. 

ఇదంతా పెద్దనాయనకు చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. నీ ఫిల్మును డాక్టరు కంటితోనే చదివాడు, ఈ సాఫ్ట్‌వేర్లు పరిశోధనలకే అని ముందే చెప్పాను. చేప దగ్గర గట్టిగా నవ్వాడు. హైదరాబాదు పటం దగ్గర ఆగాడు.

“ఎంత వయసోళ్లన్నవ్?”

“ఇరవై నుంచి ముప్పై.”

“పిలగాండ్ల తలకాయలతోని గీసిన ప్లానుల నా తలకాయ ఎట్ల కూసుంటదిరా? నాది కుంగిందని డాక్టరే చెప్పె. బొగ్గు తీసినాక పైకప్పు దిగదా? మేం మూణ్ణెల్లకోపాలి ప్లాను దిద్దెటోళ్లం.”

మర్నాడు బల్ల మీద ఫిల్ము కవరు కనిపించింది. దాని మూలన బాల్‌పెన్నుతో బాణం గుర్తు, పక్కన ఆర్ అనే అక్షరం, కింద స్కాను తీసిన తేదీ.