అట్టమీద అయిదుగురు... పాటలో ఆరో మనిషి

లండన్‌లో డెన్మార్క్ వీధిలోని రీజెంట్ సౌండ్ చాలా చిన్న స్టూడియో. రోలింగ్ స్టోన్స్ బృందం తమ తొలి ఎల్.పి. రికార్డుకు 1964 ఆరంభంలో అక్కడే పాడింది. వున్నది రెండు ట్రాకుల టేపు యంత్రం. తర్వాత సరిదిద్దే వీలు బహు తక్కువ.

ఏప్రిల్‌లో డెక్కా కంపెనీ దాన్ని మోనోలోనే విడుదల చేసింది. కుడి, ఎడమ అన్న తేడా లేదు. గొంతు, గిటార్లు, డ్రమ్ములు అన్నీ కలగలిసి ఒకే ధారగా వస్తాయి. పన్నెండు పాటల్లో ఎక్కువ భాగం అమెరికా నల్లజాతి వారివే.

ముందు అట్టమీద బృందం పేరైనా లేదు, అయిదు ముఖాలు తప్ప. పియానో వాయించిన ఇయాన్ స్టూవర్ట్ అందులో లేడు. బృందం పుట్టిననాటి మనిషే. చూపులకు తగడని 1963లో మేనేజరు తప్పించాడు. ఫోటోలోంచి తీశారు సరే, మోనో శబ్దంలోంచి విడదీయడం ఎవరి తరం?

1985లో కన్నుమూసేదాకా అతడు వారి సామాను చూసుకుంటూ, పియానో వాయిస్తూనే వున్నాడు.